వినపడని అమ్మాయి మోటోక్రాస్ ఛాంపియన్ ఎలా అయింది? ఆష్లీ ఫియోలెక్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

గుంటూరు_అమ్మ | శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఈ వేదికలో ఇదే నా మొదటి పోస్టు. నాకు బండ్ల గురించి ఏమీ తెలియదు, తప్పుగా రాస్తే సర్దుకోండి.

మా పాపకి పదకొండేళ్లు. పుట్టుకతోనే వినపడదు. చెవికి మిషన్ పెట్టినా బాగా పెద్ద శబ్దాలు తప్ప తెలియవు. వాళ్ల నాన్న పొద్దున్నే బండి స్టార్ట్ చేస్తే చాలు, ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి ట్యాంకు మీద రెండు అరచేతులూ ఆనించి కళ్లు మూసుకుంటుంది. నడక వచ్చినప్పటి నుంచీ ఇదే అలవాటు. ఆయన ఆఫీసుకి లేటవుతున్నా ఒక నిమిషం అలా ఆగుతారు.

పోయిన వారం ఫోన్‌లో ఒక వీడియో పట్టుకొచ్చి నా ఒళ్లో పెట్టింది. మట్టి ట్రాకు మీద ఎర్ర హోండా బండి, గాల్లోకి ఎగురుతున్న ఒక అమ్మాయి. పేరు ఆష్లీ ఫియోలెక్ అని ఉంది. వీడియో చివర్లో ఆ అమ్మాయి హెల్మెట్ తీసి సైగలతో మాట్లాడింది. మా పాప తెరని వేలితో చూపించి, తర్వాత తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. ‘నాలాగే’ అని.

అప్పటి నుంచి రోజూ అదే గొడవ, తనకీ బండి నేర్పించమని. మా అత్తగారు ‘వినపడని పిల్లకి బండేంటమ్మా, ప్రాణం మీదికి తెచ్చుకోడానికి కాకపోతే’ అంటున్నారు. ఆవిడ తిట్టాలని అనడం లేదు, భయంతో అంటున్నారు. నాకూ భయమే. కానీ దాని మొహం చూస్తే ‘వద్దు’ అనే సైగ చెయ్యడానికి చెయ్యి లేవడం లేదు.

ఆ అమ్మాయి నిజంగా ఛాంపియనేనా? వినపడకుండా గేర్లు ఎలా మారుస్తుంది? వెనక బండి వస్తే ఎలా తెలుస్తుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

---

మట్టిదారి | శుక్రవారం రాత్రి 10:55

అమ్మా, స్వాగతం. మీ పాప సరైన మనిషినే పట్టుకుంది. మోటోక్రాస్ అంటే మట్టి ట్రాకు మీద, దిబ్బల మీంచి ఎగురుతూ పోయే బైక్ రేసు. నేను పదిహేనేళ్ల నుంచి చూస్తున్నాను. ఆష్లీ రేసులు నడుస్తున్న రోజుల్లోనే చూశాను, కాబట్టి తెలిసింది రాస్తాను.

ఆష్లీ 1990లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పుట్టింది. పుట్టుకతోనే వినపడదు. పెరిగింది ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టిన్ ఊళ్లో. ఇంట్లో బండ్ల పిచ్చి ముందు నుంచీ ఉంది, నాన్న కూడా మోటోక్రాస్ నడిపినవాడే. మూడేళ్ల వయసులో యమహా పీడబ్ల్యూ 50 ఎక్కింది. గేర్లు లేని, చిన్నపిల్లల కోసం చేసిన బండి అది. ఏడేళ్లకి రేసుల్లోకి దిగింది. అమెచ్యూర్ స్థాయిలోనే జాతీయ టైటిళ్లు బోలెడు గెలిచింది.

2008లో ప్రొఫెషనల్ అయింది, ఆ మొదటి సంవత్సరమే అమెరికా మహిళల మోటోక్రాస్ ఛాంపియన్‌షిప్ కొట్టేసింది. అప్పటిదాకా ఆ టైటిల్‌ని వరసగా గెలుస్తూ వచ్చిన జెస్సికా ప్యాటర్సన్‌ని దాటి గెలవడం మామూలు విషయం కాదు. తర్వాత 2009, 2011, 2012లో కూడా ఆష్లీదే. మొత్తం నాలుగు. మధ్యలో 2010 ప్యాటర్సన్ తీసుకుంది. ఇవి కాక లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఎక్స్ గేమ్స్ అనే సాహస క్రీడల పోటీల్లో 2009, 2010 రెండుసార్లూ బంగారు పతకం. 2009లో అమెరికన్ హోండా తన ఫ్యాక్టరీ టీమ్‌లోకి తీసుకుంది. ఆ టీమ్‌లో చేరిన మొదటి మహిళ తనే. ఫ్యాక్టరీ టీమ్ అంటే కంపెనీ తన సొంత బండి, సొంత మెకానిక్, జీతం ఇచ్చి నడిపించుకోవడం. షోరూమ్‌లో కొన్న బండితో, నాన్న వ్యాన్‌లో ఊరూరా తిరిగే రైడర్లకి అది కల.

ఇక మీరడిగిన అసలు ప్రశ్న. మోటోక్రాస్‌లో స్టార్ట్ ఎలా ఉంటుందో చెప్తాను, అక్కడే మీ భయం సగం తగ్గుతుంది. దాదాపు నలభై బండ్లు ఒకే వరసలో, ఇనప గేటు వెనక నిలబడతాయి. పరుగు పందెంలోలాగా తుపాకీ పేలదు. ఒక మనిషి ‘30’ అని రాసిన బోర్డు పైకెత్తి చూపిస్తాడు. ఆ బోర్డు పక్కకి తిప్పాడంటే ఇక ఐదు పది సెకన్లలో గేటు పడిపోతుంది. అందరి కళ్లూ ఆ గేటు మీదే. నలభై ఇంజన్లు ఒకేసారి అరుస్తుంటే వినపడేవాళ్లకి కూడా ఏమీ వినపడదు. ఆ క్షణంలో అందరూ ఆష్లీలాగే ఉంటారు.

రేసు నడుస్తున్నప్పుడూ అంతే. పసుపు జెండా ఊపితే ముందు ఎవరో పడ్డారు, దూకొద్దు, దాటొద్దు. నీలం జెండా అంటే వెనక వేగంగా వచ్చేవాడికి దారివ్వు. ఎరుపు అంటే ఆపెయ్. తెలుపు మీద ఎర్ర శిలువ ఉంటే ట్రాకు మీద వైద్య సిబ్బంది ఉన్నారు. మెకానిక్ ఏదైనా చెప్పాలంటే బోర్డు మీద మార్కర్‌తో రాసి ట్రాకు పక్కన పట్టుకుంటాడు. నువ్వు ఎన్నో స్థానంలో ఉన్నావు, వెనకవాడు ఎన్ని సెకన్ల దూరంలో ఉన్నాడు, అంతా రాతే. ఈ ఆట ముందు నుంచీ కళ్లతోనే మాట్లాడుతోందండీ.

---

ఆదివారం_రైడర్ | శనివారం ఉదయం 7:15

మట్టిదారి గారు బాగా రాశారు. కానీ ఒక మాట చెప్పకుండా ఉండలేను, అమ్మగారూ ఏమీ అనుకోకండి. నేను ఎండ్యూరో నడుపుతాను, అంటే అడవి, కొండ దారుల్లో చాలా దూరం సాగే బైక్ రేసు. వెనక నుంచి బండి వస్తుంటే ముందు చెవికే తెలుస్తుంది. కుడివైపా ఎడమవైపా అన్నది కూడా శబ్దాన్ని బట్టే పట్టేస్తాం. నేను గేరు మార్చేది కూడా ఇంజన్ గొంతు వినే. అది లేకపోతే మలుపులో ఎవరైనా లోపలికి దూసుకొస్తే తగులుతుంది కదా? ఆష్లీ కోటికొకరు. ఆవిణ్ణి చూపించి ప్రతి పిల్లనీ ట్రాకు ఎక్కించడం నాకు టెన్షన్‌గానే ఉంది. ఈ ఆటలో వినపడేవాళ్లకే కాలర్ బోన్ విరగడం మామూలు.

---

పానా_అన్న | శనివారం మధ్యాహ్నం 2:30

నాది ఖమ్మంలో బండ్ల షెడ్డు, ముప్పై ఏళ్ల నుంచి ఇదే పని. రేసుల గురించి నాకు తెలియదు గానీ ఇంజన్ గురించి ఒక విషయం చెప్తా. ఆదివారం తమ్ముడు ఇంజన్ గొంతు అన్నాడు కాబట్టి చెప్తున్నా.

నా దగ్గర ఒక కుర్రాడు పనిచేసేవాడు. వినపడదు, మాట రాదు. పన్నెండేళ్ల కిందట వాళ్ల నాన్న తీసుకొచ్చి ‘వీడికేదైనా పని నేర్పన్నా’ అంటే, పాపం కదా అని ఉంచుకున్నా. నిజం చెప్తున్నా, పాపం అనే ఉంచుకున్నా. నట్లు కడగడం, పంక్చర్లు, అంతవరకే అనుకున్నా.

ఒకరోజు ఒక పాత నాలుగు స్ట్రోకుల బండి వచ్చింది. లోపల టిక్కు టిక్కుమని చప్పుడు. మేము ఇలాంటప్పుడు ఏం చేస్తామంటే, పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి పిడి చెవికి పెట్టుకుంటాం. చప్పుడు ఎక్కడిదో తెలుస్తుంది. నేను హెడ్డు దగ్గర పెట్టి, టాపెట్, అంటే వాల్వుని కదిలించే భాగం, లూజయిందని తేల్చేశా. ఆ కుర్రాడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ముందు హెడ్డు మీద రెండు వేళ్లు పెట్టి కాదని తల ఊపాడు. తర్వాత ఎడమ పక్క కవర్ మీద, టైమింగ్ చైన్ ఉండే చోట, అరచెయ్యి మొత్తం ఆనించి, రేజ్ చెయ్యమని సైగ చేశాడు. యాక్సిలరేటర్ తిప్పి వదిలేస్తుంటే నా చెయ్యి తీసుకెళ్లి అక్కడ పెట్టించాడు. వదిలినప్పుడల్లా లోపల ఏదో చిన్నగా కొట్టుకుంటోంది, నాడి కొట్టుకున్నట్టు. విప్పి చూస్తే చైన్ సాగిపోయి, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ అరిగిపోయింది. టాపెట్లు బాగానే ఉన్నాయి.

ఆరోజు నుంచి వాణ్ణి పంక్చర్ల దగ్గర కూర్చోబెట్టలేదు. ఇప్పుడు వాడికి సొంత షెడ్డు ఉంది. కష్టమైన కేసు వస్తే నేనే వాడి దగ్గరికి బండి పంపిస్తా.

అందుకే తమ్ముడూ, గొంతు చెవికే వినపడాలని లేదు. చప్పుడు అంటే ఏంటి, వణుకే కదా. మన చెవికి వచ్చేది గాల్లోంచి వచ్చిన వణుకు. వాడి చేతికి వచ్చేది ఇనుములోంచి వచ్చిన వణుకు. ఇనుములోంచి వచ్చేది ఇంకా శుభ్రంగా ఉంటుంది, పక్కనున్న జనరేటర్ చప్పుడు అందులో కలవదు. మోటోక్రాస్ బండి మీద మనిషి నిలబడి కదా నడుపుతాడు. కాళ్ల కింద ఫుట్‌పెగ్గులు, మోకాళ్ల మధ్య ట్యాంకు, చేతిలో హ్యాండిల్. అన్ని చోట్ల నుంచీ ఇంజన్ చెప్తూనే ఉంటుంది.

---

మట్టిదారి | శనివారం మధ్యాహ్నం 3:10

అన్నా, మీరు రాసింది చదివి లేచి నిలబడ్డాను. ఆష్లీ కూడా సరిగ్గా ఇదే చెప్పేది, ఇంజన్ వణుకుని బట్టే గేరు మారుస్తానని.

ఆదివారం గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. వెనక వచ్చే బండి సంగతి ఆష్లీకి నిజంగానే ఇబ్బంది. దానికి ఆమె ఎంచుకున్న దారి ఏంటంటే, తను పట్టుకున్న గీత వదలకపోవడం. మలుపులో ఒక దారి ఎంచుకుందంటే అటూ ఇటూ ఊగదు. అప్పుడు వెనకవాళ్లకి తను ఎక్కడుంటుందో ముందే తెలుస్తుంది, దాటాలంటే వాళ్లే చుట్టూ తిరిగి దాటుకుంటారు. నిజానికి మంచి కోచ్‌లు వినపడే పిల్లలకి కూడా మొదట నేర్పేది అదే. ఇంకో దారి ఉంది, అందరికంటే ముందుండటం. ముందుంటే వెనకాల ఎవరున్నారన్న బెంగే లేదు. తను స్టార్ట్‌లోనే ముందుకి దూకడానికి అంత కష్టపడింది ఊరికే కాదని నా నమ్మకం.

---

గుంటూరు_అమ్మ | శనివారం సాయంత్రం 6:05

పానా అన్నగారూ, మీ పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను. ఆయన ఏమీ మాట్లాడకుండా బయటికెళ్లి బండి స్టార్ట్ చేసి, తనే ట్యాంకు మీద చెయ్యి పెట్టి చూసుకున్నారు. ఇన్నేళ్లూ అది ఆడుకుంటోంది అనుకున్నామండీ.

---

నిశ్శబ్ద_హైదరాబాద్ | శనివారం రాత్రి 8:20

నేను వినపడని మనిషిని. వయసు 34. హైదరాబాద్. నా మొదటి భాష సైగ. తెలుగు రెండోది. తప్పులు ఉంటే క్షమించండి.

ఈ చర్చ మొత్తం చదివాను. చాలామంది మంచి మనసుతో రాశారు. నాదొక విన్నపం. అమ్మా, మీరు పాప గురించి రాసిన మాటల్లో ‘వినపడదు’ అని రాశారు. బాగుంది. దయచేసి ఎప్పటికీ అలాగే రాయండి. మా చిన్నప్పుడు బళ్లో ‘చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు’ అని పాఠం చెప్పారు. టీచర్ నా వైపు చూశారు. అందరూ నవ్వారు. పెదవులు చదివి నాకు అర్థమైంది. నేను ఆ రోజు ఇంటికి వచ్చి అమ్మని అడిగాను, శంఖం ఎలా ఉంటుంది అని. అమ్మ పూజ గదిలోంచి తెచ్చి ఊదింది. నా చెయ్యి దాని మీద పెట్టింది. శంఖం వణికింది. నాకు శంఖం తెలుసు.

ఆష్లీ గురించి నాకు బాగా నచ్చింది టైటిళ్లు కాదు. వాళ్ల ఇల్లు. అమ్మ, నాన్న, తమ్ముడు ఆమెతో సైగలతో మాట్లాడేవాళ్లు. నేను పెరిగిన ఇంట్లో అమ్మ ఒక్కరికే కొంచెం వచ్చు. నాన్నకి ఇప్పటికీ రాదు. పండక్కి చుట్టాలు అందరూ కూర్చుని నవ్వుకుంటారు. ఏంటి అని అడిగితే ‘తర్వాత చెప్తాం’ అంటారు. ఆ తర్వాత రాదు.

రేసు ట్రాకు దగ్గర ఆలోచించండి. బండ్ల మోత. వినపడేవాళ్లు ఒకరి చెవిలో ఒకరు అరుచుకోవాలి. సైగ తెలిసిన అమ్మ, కూతురు కంచెకి అటూ ఇటూ నిలబడి, యాభై అడుగుల దూరంలో కూడా తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. మలుపులో మట్టి జారుతోంది, బయట వైపు నుంచి పో అని చెప్పొచ్చు. అక్కడ ఎవరికి లోటు?

ఇంకో విషయం. ఆష్లీ వీడియోల్లో వాడేది అమెరికా సైగ భాష. మనది వేరు. భారతీయ సైగ భాష. ఒకటి నేర్చుకుంటే రెండోది రాదు. పాప వీడియో చూసి అవే సైగలు చేస్తుంటే సంతోషమే, కానీ మనవి కూడా నేర్పించండి. ఢిల్లీలోని భారతీయ సైగ భాషా కేంద్రం పదివేల పదాల నిఘంటువు వీడియోలుగా పెట్టింది. ఉచితం. పాపకి ఒక్కదానికే కాదు. మీరు, మీ ఆయన, మీ అత్తగారు, అందరూ.

---

ఆదివారం_రైడర్ | శనివారం రాత్రి 8:50

నిశ్శబ్ద గారూ, ఆ సామెత నేను జీవితంలో ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. ఇక వాడను.

---

జాక్సన్‌విల్_తెలుగు | ఆదివారం ఉదయం 6:30

నేను ఫ్లోరిడాలోనే ఉంటాను. సెయింట్ అగస్టిన్ మాకు గంట లోపు ప్రయాణం. మనవాళ్లు ఎవరొచ్చినా పాత స్పానిష్ కోట చూపించడానికి అక్కడికే తీసుకెళ్తాం. ఆష్లీ చదివిన బడి ఆ ఊళ్లోనే. ఫ్లోరిడా బధిరుల, అంధుల పాఠశాల. 1885లో మొదలైంది. ప్రభుత్వ బడి, రాష్ట్రంలోని పిల్లలకి ఫీజు లేదు. సంగీతకారుడు రే చార్లెస్ కూడా చిన్నప్పుడు అక్కడే చదువుకున్నాడు.

నేను ఒకసారి ఆ బడి పక్క నుంచి వెళ్తూ కారు ఆపాను. సాయంత్రం బడి వదిలే టైమ్. పిల్లలు గేటు దగ్గర గుంపుగా నిలబడి మాట్లాడుకుంటున్నారు. మన బళ్ల దగ్గరైతే ఆ టైమ్‌కి చెవులు చిల్లులు పడతాయి కదా. ఇక్కడ చేతులు గాల్లో ఎగురుతున్నాయి, మొహాలు మారిపోతున్నాయి, ఒకడు ఏదో జోక్ వేసినట్టున్నాడు, నలుగురు ఒకేసారి పొట్ట పట్టుకున్నారు. వీధి అవతల నిలబడ్డ ఒక అమ్మాయి ఇవతలున్న స్నేహితురాలితో రోడ్డు మీదుగా ఏదో తగువాడుతోంది. వాళ్లలో ఎవరికీ తమకి ఏదో తక్కువ అన్న ధ్యాస లేదు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అక్కడ వెలితి ఉన్నది నాకే.

అమ్మా, నేను చెప్పేది ఏంటంటే, ఆష్లీ తనలాంటి పిల్లల మధ్య పెరిగింది. ట్రాకు మీద తను ఒక్కతే వినపడని మనిషి అయినా, వెనక ఒక ఊరు ఉంది. మీ పాపకి ట్రాకు కంటే ముందు అలాంటి స్నేహితులు దొరికితే బాగుంటుంది.

---

వినికిడి_విద్యార్థి | ఆదివారం ఉదయం 11:15

నేను ఆడియాలజీ, అంటే వినికిడి శాస్త్రం చదువుతున్నాను. ఇందాకటి నుంచి ఎవరూ రాయని ఒక సంగతి ఉంది, ముఖ్యమైనది.

వినికిడికి పనికొచ్చే కాక్లియా, బ్యాలెన్స్‌కి పనికొచ్చే భాగం, రెండూ లోపలి చెవిలో పక్కపక్కనే ఉంటాయి. అందుకని పుట్టుకతో వినపడని పిల్లల్లో కొంతమందికి బ్యాలెన్స్ కూడా కొంచెం తక్కువగా ఉండొచ్చు. అందరికీ కాదు. పాప నడక ఆలస్యంగా వచ్చిందా, చీకట్లో తడబడుతుందా, సైకిల్ తొక్కగలదా, ఇవి గమనించండి. సైకిల్ బాగా తొక్కితే అదే మంచి గుర్తు. ఏదైనా అనుమానం ఉంటే బండి కంటే ముందు ఒకసారి పరీక్ష చేయించండి. బ్యాలెన్స్ తక్కువున్నా కంటితో, కండరాలతో దాన్ని భర్తీ చేసుకునే వ్యాయామాలు ఉన్నాయి.

రెండోది. చెవి మిషన్ పెట్టుకుని హెల్మెట్ వేస్తే లోపల నొక్కుకుని కీచుమంటుంది, చెమటకి పాడవుతుంది, పడితే చెవికి గుచ్చుకుంటుంది. రైడింగ్‌కి ముందు తీసేసి డబ్బాలో పెట్టండి. ఎలాగూ ఆ మోతలో దానివల్ల ఉపయోగం లేదు. ఈ వేదికలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా చదువుతుంటే, వాళ్ల సంగతి వేరు. మన రెండు రాష్ట్రాల్లో ఆరోగ్యశ్రీ వల్ల చాలామంది పిల్లలకి ఆ ఆపరేషన్ ఉచితంగా అయింది. తల మీద దెబ్బ తగిలితే లోపలి పరికరం దెబ్బతినే ప్రమాదం ఉంది, ఆపరేషన్ చేసిన డాక్టర్‌ని అడగకుండా ఇలాంటి ఆటలు వద్దు.

మూడోది భరోసా కోసం. బధిర ఒలింపిక్స్‌లో చెవి మిషన్లు తీసేసే ఆడాలి, అది నియమం. పరుగు పందేలు దీపం వెలుగుతో మొదలుపెడతారు. హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన ఆ పోటీల్లో ఎయిర్ రైఫిల్‌లో బంగారు పతకం తెచ్చాడు. కర్నూలు అమ్మాయి షేక్ జాఫ్రీన్ అక్కడే టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్‌లో కాంస్యం తెచ్చింది. మీ పాపకి వీళ్ల వీడియోలు కూడా చూపించండి, మనూళ్ల వాళ్లు.

---

ఆదివారం_రైడర్ | ఆదివారం మధ్యాహ్నం 1:40

నేను నిన్న పొద్దున్న కొంచెం గట్టిగా రాశాను. అప్పటి నుంచి ఆలోచిస్తున్నా. నిన్న మా ప్రాక్టీస్ స్థలంలో చెవుల్లో ఇయర్ ప్లగ్గులు పెట్టుకుని, పైన హెల్మెట్ వేసి ఒక్కణ్ణే నడిపి చూశాను. మొదటి రెండు రౌండ్లు గేరు ఎప్పుడు మార్చాలో తెలియలేదు, మోటారు ఉరుముతున్నా అదే గేరులో ఉండిపోయాను. మూడో రౌండ్ నుంచి కాలి కింద పెగ్గులో సన్నగా జివ్వుమనడం తెలియడం మొదలైంది. పది రౌండ్లకి చెవి లేదన్న సంగతే మర్చిపోయాను. నాకు మెడ తిప్పి చూసే అలవాటు లేదని కూడా నిన్ననే తెలిసింది. ప్లగ్గులు ఉన్నంతసేపూ నేను మామూలు కంటే ఎక్కువ చూశాను.

ఇక చట్టం మాట. అమ్మగారూ, పాపని రోడ్డు మీదికి మాత్రం తీసుకురావద్దు, అది వినికిడి వల్ల కాదు, వయసు వల్ల. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత మైనర్ బండి నడిపితే తల్లిదండ్రులకి 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు. మూసి ఉన్న ట్రాకు, కోచ్, ఒంటికి పూర్తి రక్షణ తొడుగులు, అంతే. పెద్దయ్యాక లైసెన్స్ వస్తుందా అన్న బెంగ అక్కర్లేదు. వినపడనివాళ్లు కూడా పరీక్ష పాసయితే లైసెన్స్ ఇవ్వాలని ఢిల్లీ హైకోర్టు 2011లోనే చెప్పింది, 2016లో కేంద్ర రవాణా శాఖ కూడా రాష్ట్రాలకి అదే రాసింది.

---

నిశ్శబ్ద_హైదరాబాద్ | ఆదివారం మధ్యాహ్నం 2:05

నాకు లైసెన్స్ ఉంది. స్కూటీ. తొమ్మిదేళ్లు. మొదటిసారి వెళ్లినప్పుడు కౌంటర్‌లో మనిషి కాగితం విసిరేశారు. రెండోసారి ఆ ఉత్తర్వు ప్రింటు తీసుకెళ్లాను. అద్దాలు రెండూ పెద్దవి పెట్టించాను. ఇప్పటివరకు ఒక్క గీత పడలేదు.

ఆదివారం గారూ, ప్లగ్గులు పెట్టుకుని నడిపినందుకు థ్యాంక్స్. నా కోసం ఇలా ఎవరూ చేసి చూడలేదు.

---

మట్టిదారి | ఆదివారం రాత్రి 10:20

ఇంకొక విషయం రాయకుండా ఈ చర్చ వదిలితే నాకు నిద్ర పట్టదు.

ఆష్లీ 2012లో నాలుగో టైటిల్ గెలిచింది. వయసు ఇరవై రెండు కూడా నిండలేదు. ఆ తర్వాత ఆ సిరీస్ నుంచి తప్పుకుంది. అలసిపోయి కాదు, దెబ్బల వల్ల కాదు, వినపడకపోవడం వల్ల అసలే కాదు. మహిళల రేసుల్నే కుదించేశారు. మగవాళ్ల జాతీయ సిరీస్‌తో పాటు అవే ట్రాకుల మీద, అదే జనం ముందు ఎనిమిది రౌండ్లు జరిగేవి. 2013కి వాటిని మూడుకి తగ్గించారు. మూడు రేసుల కోసం ఏ కంపెనీ ఒక రైడర్‌ని ఏడాదంతా పోషిస్తుంది? స్పాన్సర్లు పోతారు, జీతాలు పోతాయి, వెనక వచ్చే చిన్నమ్మాయిలకి దారి మూసుకుపోతుంది. ఆష్లీ దీని గురించి గట్టిగానే మాట్లాడింది. తర్వాత స్టంట్ ప్రదర్శనల్లో నడిపింది, పిల్లలకి రైడింగ్ నేర్పింది.

ఆమె గురించి ఎవరు రాసినా ‘వైకల్యాన్ని జయించింది’ అని రాస్తారు. నాకు ఆ మాట మింగుడుపడదు. ఆ చెవులతోనే నాలుగుసార్లు గెలిచింది, అవి ఆమెని ఏ రోజూ ఓడించలేదు. ఆమెకి అడ్డొచ్చింది మనుషులు వేసిన లెక్క, ఆడపిల్లల రేసు చూడ్డానికి ఎవరొస్తారన్న లెక్క. ఆమె ఫ్యాక్టరీ టీమ్‌లో చేరినప్పుడు వినపడని రైడర్ అని పేపర్లు రాశాయి. మొదటి మహిళ అన్న సంగతి అంతకంటే బరువైనదని నాకు తర్వాత తర్వాత అర్థమైంది.

మన దగ్గర కూడా చూడండి. బెంగళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే 2019లో బహా రేసుల (ఎడారిలాంటి కఠినమైన దారుల్లో సాగే రేసులు) ప్రపంచ కప్‌లో మహిళల విభాగం గెలిచింది. మోటార్ స్పోర్ట్స్‌లో ప్రపంచ టైటిల్ తెచ్చిన మొదటి భారతీయురాలు. ఆ వారం మనలో ఎంతమందికి ఆ వార్త తెలిసింది?

పాపకి కథ చెప్పాలంటే ఇంకొకావిడ ఉంది, కిట్టీ ఓనీల్. పసితనంలో వచ్చిన జ్వరాల వల్ల వినికిడి పోయింది. సినిమాల్లో స్టంట్లు చేసేది. 1976లో ఒరెగాన్‌లోని ఆల్వర్డ్ ఎడారిలో మూడు చక్రాల రాకెట్ కారు నడిపి గంటకి 825 కిలోమీటర్ల వేగం అందుకుంది. నేల మీద ఆడవాళ్లెవరూ అప్పటికి అంత వేగంగా పోలేదు. ఆష్లీ పుట్టడానికి పద్నాలుగేళ్ల ముందు మాట ఇది.

---

గుంటూరు_అమ్మ | తర్వాతి ఆదివారం సాయంత్రం 7:30

అందరికీ దండాలు. వారం రోజులు ఏమీ రాయలేదు. రాయడానికి ఏదైనా జరిగాకే రాద్దామనుకున్నాను.

వినికిడి విద్యార్థి గారు చెప్పినట్టు బ్యాలెన్స్ పరీక్ష చేయించాం. బాగానే ఉందన్నారు. సైకిల్ అయితే చేతులొదిలి తొక్కుతోందట, ఆ సంగతి వీధి పిల్లలు చెప్తేనే నాకు తెలిసింది. గట్టిగా కోప్పడ్డాను.

ఇవాళ పొద్దున్న ఊరి బయట ఒక శిక్షణ స్థలానికి వెళ్లాం. అక్కడి కోచ్ కుర్రాడు ముందు ‘వినపడదా, అయితే నేనెలా నేర్పను’ అని ఇబ్బంది పడ్డాడు. మా ఆయన ఈ చర్చ తీసి అతనికి ఫోన్ ఇచ్చారు. నిలబడే అంతా చదివాడు. చదివాక షెడ్డులోకి వెళ్లి ఒక అట్టముక్క, మార్కర్ తెచ్చుకున్నాడు. అట్ట మీద పెద్దగా ‘ఆగు’ అని రాసి పాపకి చూపించాడు. పాప అట్ట లాక్కుని, వెనకవైపు ‘పో’ అని రాసి ఇచ్చింది.

చిన్న బండే, యాభై సీసీ, గేర్లు లేవు. దాని ఎత్తుకి మోకాళ్లు పైకొచ్చాయి గానీ మొదటి రోజుకి అదే చాలన్నాడు. స్టార్ట్ చేసి ఎక్కించబోతే పాప ఎక్కలేదు. ముందు కింద కూర్చుని ఇంజన్ పక్కన చెయ్యి పెట్టింది. తర్వాత సీటు మీద. తర్వాత హ్యాండిల్ మీద. ఒక్కో చోటా కాసేపు. కోచ్ తొందరపెట్టలేదు. అప్పుడు ఎక్కింది.

ఆరు రౌండ్లు వేసింది. రెండుసార్లు పడింది. రెండోసారి పడినప్పుడు నేను కంచె దాటి పరిగెత్తబోతుంటే, అది లేస్తూనే నా వైపు తిరిగి, నిశ్శబ్ద గారు పంపిన వీడియోలో ఉన్న సైగ చేసింది. ‘బాగున్నాను’. నేను కూడా చేశాను, నా చేతులు వణుకుతున్నాయి, సరిగ్గా వచ్చిందో లేదో తెలియదు. దానికి అర్థమైంది, మళ్లీ బండి ఎత్తుకుంది.

మా అత్తగారు రాలేదు. కానీ ఇంటికొచ్చేసరికి సున్నుండలు చేసి ఉంచారు. పాపకి ఒకటి నోట్లో పెట్టి, మోచేతి మీద గీరుకున్న చోట పసుపు రాశారు. రాత్రి నన్ను వంటింట్లోకి పిలిచి ‘బాగున్నావా అని అడగడానికి చేత్తో ఎలా చెయ్యాలో నాకూ చూపించు’ అన్నారు.

ఇప్పుడు నాకొక సందేహం. ఛాతీ గార్డు, మోకాలి గార్డులు పిల్లల సైజు ఆన్‌లైన్‌లో తెప్పించాలా, లేక పాపని తీసుకెళ్లి వేసి చూసి కొనాలా?

---

పానా_అన్న | తర్వాతి ఆదివారం రాత్రి 8:10

వేసి చూసే కొనండమ్మా. వదులుగా ఉంటే పడినప్పుడు పక్కకి జరిగిపోతుంది. బూట్లు కూడా ఇప్పుడే తీసుకోండి, మామూలు స్పోర్ట్స్ షూతో నడపనివ్వకండి, చీలమండ పోతుంది. అరికాలు మాత్రం మరీ మందంగా ఉన్నవి వద్దు. పాపకి పెగ్గు తెలియాలి.